అతుకు ఎటు తిరగాలి?

మన భాషలో 'అతుకుల బొంత' అన్నది తిట్టు. పొంతన లేని సినిమా కథను, నాలుగు పార్టీలు కలిసి కట్టిన ప్రభుత్వాన్ని, ఎక్కడెక్కడి పేరాలో తెచ్చి గుదిగుచ్చిన పుస్తకాన్ని ఆ ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. సమీక్షల్లో నేనూ చాలాసార్లు రాశాను. అతుకు వేయడం ఎంత కష్టమో తెలియనివాళ్లే ఆ మాటను అంత సులువుగా వాడతారని అరవై దాటాక, అమెరికాలో ఒక కుట్టుమిషను ముందు కూర్చుంటే గానీ నాకు బోధపడలేదు.

అమ్మాయి పురిటికని రెండు నెలల ముందే వెళ్లాను. వంటయ్యాక మధ్యాహ్నాలు తోచేది కాదు. దగ్గర్లోని లైబ్రరీలో వారానికోసారి క్విల్టులు, అంటే అక్కడి అతుకుల బొంతలు, కుట్టేవాళ్లు కూడతారని తెలిసి వెళ్లి కూర్చున్నాను. జాకెట్లు, లంగాలు నలభై ఏళ్లుగా కుట్టుకుంటున్నదాన్ని, ఇదెంత అనుకున్నాను. పుట్టబోయే బిడ్డకు నేలమీద పరిచే చిన్న క్విల్టు పెట్టుకున్నాను. మొదటి గడి కుట్టి, నేర్పుతున్న పెద్దావిడ చేతికిచ్చాను. ఆవిడ పైవైపు చూడనే లేదు. తిరగేసి, అతుకుల మీద బొటనవేలు నడిపి, ఒకచోట ఆపింది. 'ఇది ఎటు తిప్పాలని అనుకున్నారు?' అని అడిగింది. ఎటూ అనుకోలేదు. కుట్టాను, ఇస్త్రీ పెట్టె ఎటు తోస్తే అటు పడుకుంది.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న అక్కకు ఫోన్లో ఇదంతా చెబితే పగలబడి నవ్వింది. "బొంతకి ఇస్త్రీ ఏమిటే? అమ్మ ఎప్పుడైనా చేసిందా?"

చేయలేదు. చేయాల్సిన అవసరమూ లేదు. మన బొంతలో పాత నూలు చీరలు పొరలుగా పరిచి, చిరిగినచోట ముక్క పెట్టి, దాని అంచు లోపలికి మడిచి, అన్ని పొరల్లోంచీ సూదిని ఎక్కిస్తూ దించుతూ పోతారు. ముక్క వేయడం, పొరలు కలపడం ఒకే కుట్టులో అయిపోతాయి. పక్కనున్న కర్ణాటకలో, ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవంది కూడా ఈ జాతిదే. మూల దగ్గర మొదలుపెట్టి అంచుల వెంట తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. నాలుగు మూలల్లో 'ఫూల' అని ముక్కలు మడిచి పెట్టకపోతే దానికి బట్ట కట్టనట్టే లెక్క. ఈ పద్ధతిలో అంచు పైనుంచే మడత పడుతుంది కాబట్టి, అతుకు వెనక ఏమవుతోందన్న బెంగ ఉండదు.

అమెరికా క్విల్టు దారి వేరు. అదీ పొరలదే, మూడు పొరలు. పైన ముక్కలు అతికిన బట్ట, నడుమ పలచటి దూది పరుపు, కింద అస్తరు. కానీ ఆ పైబట్టను ముందు విడిగా, పూర్తిగా తయారుచేసుకోవాలి. రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి అంచున కుట్టి తెరిస్తే, వెనక రెండు బట్ట చెవులు మిగులుతాయి. ఆ చెవులు కుడికి వంగాలా, ఎడమకా, లేక పుస్తకంలా చెరోవైపుకీ విచ్చుకోవాలా? అడగడానికి చిన్న ప్రశ్నే. నా క్విల్టులో అది 179 సార్లు ఎదురైంది.

లెక్క చెబుతాను. నేను ఎంచుకున్నది నైన్ ప్యాచ్, అంటే అడ్డం మూడు, నిలువు మూడు, తొమ్మిది చదరాల గడి. కొత్తవాళ్లకు అక్కడ దాంతోనే ఓనమాలు దిద్దిస్తారు. ఒక్కో చదరం రెండున్నర అంగుళాలు. కుట్టుకు నాలుగు పక్కలా పావంగుళం పోతే రెండంగుళాలు కనిపిస్తుంది. గడి మొత్తం ఆరంగుళాలు. ఇలాంటివి 18, వాటి నడుమ చదరంగం పలకలా ఖాళీ బట్ట గడులు 18. మొత్తం మూడడుగుల చదరం. ముక్కల గడికి ఎనిమిది కుట్లు, గడులను వరసలుగా కలపడానికి 30, వరసలు కలపడానికి ఐదు. కూడి చూసుకోండి.

ఆ పావంగుళం దగ్గరే మొదటి దెబ్బ తిన్నాను. మన జాకెట్టులో కుట్టుకు ఒక వేలెడు బట్ట వదులుతాం, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని. అలవాటైన చెయ్యి కదా, నా కుట్టు పావంగుళం కన్నా ఒక్క వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు, లోపలికి పడింది. వీసమే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో కుట్టు రెండు పక్కల బట్టనూ తింటుంది, కాబట్టి కుట్టుకు అరపావు అంగుళం పోయింది. గడి అడ్డంగా రెండు కుట్లున్నాయి, పావంగుళం పోయింది. పక్కన పెట్టాల్సిన ఖాళీ గడి ఆరున్నర, నాది ఆరుంపావు. లాగి కుడితే ముడతలు. అందుకే అనుభవమున్నవాళ్లు నిండు పావు కుట్టరు, దానికి ఒకటి రెండు పోగుల ఇవతలే కుడతారు. బట్ట మడత తిరిగేటప్పుడు ఆ మలుపులో ఒక పోగు మందం ఖర్చవుతుంది. దాన్ని ముందే లెక్కలో వేసుకుంటారన్నమాట.

ఇక తిప్పడం సంగతి. నేను అన్ని అతుకులనూ కుడివైపే పడుకోబెట్టాను, క్రమశిక్షణగా ఉంటుందని. రెండు వరసలు ఎదురెదురుగా పెట్టి కలపబోతే, అతుకు మీద అతుకు ఎక్కింది. అతుక్కి ఒకవైపు ఆరు పొరల బట్ట, రెండోవైపు రెండే. మిషను పాదం ఆ గుట్ట ఎక్కలేక పక్కకు జారింది. నాలుగు చదరాలు కలవాల్సిన మూల, పంచాయతీ ఎటూ తేలని పొలం గట్టులా పక్కకు తప్పుకుంది. పెద్దావిడ ఏమీ అనలేదు. రెండో వరస అతుకులను ఎడమకు తిప్పి, మళ్లీ వరస మీద వరస పెట్టి, నా వేలు పట్టుకుని అక్కడ ఆనించింది. ఇప్పుడు ఇటు నాలుగు పొరలు, అటు నాలుగు. రెండు మడతల గట్లు ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోయాయి. పెంకుటింటి కప్పు మీద బెంగుళూరు పెంకు అంచు పక్క పెంకు గాడిలో కూర్చుంటుంది చూడండి, అలా. కళ్లు మూసుకున్నా వేలికి తెలుస్తుంది. గుండుసూది కూడా అక్కర్లేదు. కుట్టి తెరిస్తే నాలుగు మూలలూ ఒక్క చుక్కలో కలిశాయి.

దీన్నే అక్కడ నెస్టింగ్ అంటారు, గూట్లో సర్దుకోవడం. ఇది తెలిశాక, ఆ పని చేసేవాళ్లు తరతరాలుగా చెప్పే 'ముదురు రంగు వైపు తిప్పు' అన్న మాటలోని తెలివి అర్థమైంది. దానికి పైకి చెప్పే కారణం వేరు. తెల్ల చీర కింద రంగు లంగా కనిపించినట్టు, లేత ముక్క కింద ముదురు బట్ట చెవి ఉంటే పైకి నీడ కొడుతుంది. ముదురు వైపే తిప్పితే ఆ గొడవ లేదు. కానీ నైన్ ప్యాచ్‌లో మొదటి వరస ముదురు, లేత, ముదురు. ముదురు వైపు తిప్పితే అతుకులు రెండూ బయటికి పోతాయి. రెండో వరస లేత, ముదురు, లేత. అక్కడ రెండూ నడిమికి వస్తాయి. మూడోది మళ్లీ బయటికి. అంటే రంగు నియమం పాటిస్తే గట్లు ఎదురెదురుగా ఆనడం దానంతట అదే జరిగిపోతుంది! గడులను కలిపేటప్పుడు అతుకును ఖాళీ గడి వైపు తిప్పాలన్నదీ ఇలాంటిదే. ముక్కల గడి, ఖాళీ గడి ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి పై వరసకూ కింది వరసకూ ఎప్పుడూ ఎదురే. రెండు చిన్న నియమాలతో 179 ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ముందే దొరికింది.

దొరకనివి కొన్ని ఉంటాయి. వాటి దగ్గరే క్విల్టర్లు రెండు పార్టీలు. ఒక పార్టీ అతుకును చెరోవైపుకీ విప్పి పరచాలంటుంది. బట్ట పలచగా, సమంగా పడుకుంటుంది, మూలలు ఎత్తుగా రావు. ఒక్కవైపే తిప్పాలన్న పార్టీ మాట పాతది. చేత్తో కుట్టే రోజుల్లో కుట్టుకూ కుట్టుకూ మధ్య సందు ఉండేది. అతుకు విప్పి పరిస్తే ఆ సందు వెనక దారం తప్ప అడ్డం ఏదీ లేదు, లోపలి దూది మెల్లగా బయటికి పాకుతుంది. ఒకవైపు తిప్పితే బట్టే అడ్డం నిలుస్తుంది, బరువు దారం మీద పడదు. మిషను కుట్టు దగ్గరగా, గట్టిగా వస్తుంది కాబట్టి ఇప్పుడా భయం తగ్గింది. అయినా విప్పి పరిచాక సరిగ్గా అతుకు గాడిలో, మూడు పొరలనూ కలిపే క్విల్టింగ్ కుట్టు వేయాలంటే సూది అతుకు దారాల మీదే పడుతుంది. నా మటుకు నేను ఒకవైపు తిప్పే పార్టీనే. ఒక్క చుక్క డిజైను దగ్గర మాత్రం ఓటు మారుస్తాను. ఎనిమిది మొనలు ఒకచోట కలిస్తే ఆ బుడిపె మీద సూది విరుగుతుంది. అక్కడ విప్పి పరవాలి, లేదా అతుకులన్నిటినీ ఒకే తిరుగుడులో గాలిమర చక్రంలా తిప్పాలి. నాలుగు చదరాల గడిలో కూడా నడుమ రెండు మూడు కుట్లు విప్పి అలా తిప్పితే, వెనక గోరంత నాలుగు గళ్ల బుల్లి గడి ఒకటి పుడుతుంది. పైనుంచి ఎవరికీ కనిపించదు. అది చూసుకోవడానికే నాలుగు గడులు ఎక్కువ కుట్టాను.

లాగ్ క్యాబిన్ కుట్టేవాళ్లకు ఈ తర్జనభర్జన లేదు. నడుమ ఒక చదరం, చాలాసార్లు ఎర్రది, ఇంటి పొయ్యికి గుర్తుగా. దాని చుట్టూ దుంగల్లా పట్టీలు పేరుస్తూ పోవడం, ప్రతి అతుకునూ నడిమి నుంచి బయటికే తోయడం. అంతే.

'తోయడం' అన్నాను గానీ, అది ఇస్త్రీ పెట్టెతో చేయకూడని పని. చీర ఇస్త్రీ చేసే చెయ్యి ముందుకూ వెనక్కూ జారుతుంది. ఇక్కడ పెట్టెను ఎత్తాలి, దించాలి, ఎత్తాలి. బట్ట పడుగు పేకల వెంట అంతగా సాగదు, క్రాస్‌గా లాగితే రబ్బరులా సాగుతుంది. దర్జీలు జాకెట్టుకు క్రాస్ కటింగ్ చేసేది అందుకే. చదరాన్ని ఏటవాలుగా కోసిన త్రికోణాల మీద పెట్టెను జరిపితే చదరం కాస్తా గాలిపటమవుతుంది. ముందు మూసి ఉన్న అతుకు మీదే ఒకసారి పెట్టెను ఆనించి దారాన్ని బట్టలో కూర్చోబెట్టాలి. తర్వాత తెరిచి, గట్టు వెంట ఆనించి, చల్లారేదాకా ముట్టకూడదు. క్రాస్ అంచులు సాగకుండా వాళ్లు డబ్బాల్లో స్టార్చ్ కొని చల్లుకుంటారు. ఆ డబ్బా చూసి నవ్వొచ్చింది. అన్నం వార్చిన నీళ్లు సింకులో పారబోసి, గంజి కొనుక్కుంటున్నాం!

ఇంతా చెప్పి ఒక మాట ఒప్పుకోవాలి. మూలలు కలవడమే గొప్ప అనుకుంటే అమెరికాలోని కొన్ని గొప్ప క్విల్టులు పరీక్ష తప్పుతాయి. అలబామా రాష్ట్రంలో నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే ఊళ్లో, బానిసల సంతతి అయిన నల్లజాతి ఆడవాళ్లు అరిగిపోయిన పొలం బట్టలతో కుట్టినవి అవి. గీతలు వంకర పోతాయి, పట్టీలు వెడల్పు మారతాయి. 1942లో మిస్సోరీ పెట్‌వే చనిపోయిన భర్త పని బట్టలు విప్పి ముక్కలు చేసి కుట్టుకున్న క్విల్టు అందులో ఒకటి. వాడి వాడి వెలిసిన బట్ట అలాగే కనిపిస్తుంది. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో మొదలుపెట్టి ఆ ఊరి క్విల్టులు దేశమంతా ప్రదర్శించారు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు వేశారు. అంతకు చాలా ముందే, 1971లో న్యూయార్కు విట్నీ మ్యూజియం పాత అమెరికన్ క్విల్టులను నైరూప్య చిత్రాల్లా గోడకు వేలాడదీసింది. మంచం మీది దుప్పటి కళేనని పెద్దలు ఒప్పుకోవడానికి దాన్ని గోడెక్కించాల్సి వచ్చింది. మన బొంత ఇంకా అటక మీదే ఉంది.

గీస్ బెండ్ వంకరను నా వంకరతో పోల్చుకోను. వాళ్ల గీత ఎటు పోవాలో వాళ్ల కంటికి తెలుసు. నా మొదటి గడి వంకర పోయింది నాకు తెలియక. దాన్ని విప్పి మళ్లీ కుట్టలేదు, కింది వరసలో ఎడమ మూలకు వేశాను. అస్తరు వేశాక వెనక పనంతా మూతపడిపోయింది. ఏ అతుకు ఎటు తిరిగిందో ఇక నాకూ ఆ పెద్దావిడకూ తప్ప తెలియదు. నా ఆరు నెలల గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా మనవడు దాని మీదే బోర్లా పడ్డాడు. బొబ్బట్లు చేశాం. క్విల్టు మీద నెయ్యి పడింది, ఉతికాం, పోయింది.

ఈసారి పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాడు మీ వీధిలో కేకేస్తే, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు ఒక నాలుగు ఇవ్వకుండా ఆపుకోండి. రెండు ముదురు, రెండు లేత ఉంటే చాలు. చిల్లులు పడ్డచోటు వదిలేసి రెండున్నర అంగుళాల చదరాలు కోయండి. గంజి మాత్రం కోయకముందే పెట్టండి.