చీటీ రాసే ముందు

"చర్మానికి జబ్బు చేస్తే ఛాతీ ఎక్స్‌రే ఎందుకండీ?" సొరియాసిస్‌తో వచ్చేవాళ్లు తరచూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పూతమందుకు లొంగని సొరియాసిస్‌కు మెథోట్రెక్సేట్, ఒంటినిండా పొక్కులు లేచే పెంఫిగస్‌కు ప్రెడ్నిసొలోన్, పేనుకొరుకుడు ముదిరితే ఈమధ్య టోఫాసిటినిబ్ రాస్తున్నాం. చర్మం మీద విరుచుకుపడుతున్న రోగనిరోధక శక్తిని ఇవి అణచివేస్తాయి. కానీ ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతున్న క్షయ క్రిమిని లేవకుండా చూసేదీ ఆ శక్తే. ప్రపంచంలో క్షయ రోగులు అన్ని దేశాలకంటే ఎక్కువ ఉన్నది మన దేశంలోనే.

అందుకే మందు ఎంచుకోవడం కన్నా ముందడిగే ప్రశ్నలకే నేను ఎక్కువ సమయం ఇస్తాను. ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడారా? దగ్గు ఉందా? కామెర్లు వచ్చాయా? "దగ్గా, లేదండీ" అంటాడు పెద్దాయన. "రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు" అంటుంది పక్కనున్న భార్య. అందుకే తోడు వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టను. ఎక్స్‌రే, రక్తపరీక్షలు, హెపటైటిస్ బి పరీక్ష ఆ తర్వాత.

మెథోట్రెక్సేట్‌తో ఇంకో చిక్కుంది. సొరియాసిస్‌కు అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే నోరు పూస్తుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి, మామూలు ఇన్ఫెక్షనే ప్రాణం మీదికి తెస్తుంది. చీటీ మీద "ఆదివారం మాత్రమే" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, మింగేవాళ్ల చేతే చదివిస్తాను. చదువు రానివాళ్లకు వాళ్ల ఊరి సంత రోజు చెబుతాను. అది మరిచిపోరు.

టోఫాసిటినిబ్ వాడేవాళ్లకు సర్పి వచ్చే అవకాశం ఎక్కువ. నడుముకు ఒక పక్కనే మంటతో నీటిపొక్కులు లేస్తాయి. "మందు వేడి చేసింది" అని మజ్జిగ తాగుతూ వారం గడిపేస్తారు. దానికిచ్చే మాత్రలు మూడు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. స్టెరాయిడ్లయితే జ్వరాన్నే కప్పేస్తాయి, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా పైకి తెలియదు.

ఇదంతా విని మందులంటే బెదిరిపోవద్దు. స్టెరాయిడ్లు రాకముందు పెంఫిగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది బతికేవాళ్లు కాదు. నా బెంగంతా పాత చీటీల మీదే. ఒకసారి రాసిన మందును నెలల తరబడి మెడికల్ షాపులో కొనుక్కుంటూ, పరీక్షలకు రావడం మానేస్తారు. దయచేసి అలా చేయకండి. స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఉన్నట్టుండి ఆపనూ వద్దు. జ్వరమొచ్చినా, దగ్గు పట్టుకున్నా, నోరు పూసినా ఆ రోజే మీ డాక్టర్‌కు చెప్పండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, టీకా వేయించుకోబోయినా ముందు మీరు వాడుతున్న మందు పేరు చెప్పండి.