అందరికీ ఇరవై

ఆదివారం పొద్దున పేపరు మడత ఇంకా విప్పలేదు, పక్కింటి కోడలు గుమ్మంలో నిలబడింది. వెనకాల పదో తరగతి చదివే కొడుకు, వాడి చేతిలో తెల్లకాగితాల కట్ట.

"సారూ, మావోనికి తెలుగుల ప్రాజెక్టు ఇచ్చిండ్రట. రేపే ఇయ్యాలె. జర మీరు రాసిపెట్టుండ్రి. జిరాక్సు షాపోడు రెండొందలు అడుగుతుండు."

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పాను గానీ బజార్లో మన రేటెంతో ఆ రోజే తెలిసింది. ప్రాజెక్టు ఏమిట్రా అంటే పుస్తక సమీక్ష అన్నాడు. ఏ పుస్తకం అంటే వాడు తల్లి ముఖం చూశాడు, ఆమె నా ముఖం చూసింది.

ఈ కాలమ్ విడవకుండా చదివేవాళ్లకు నా జబ్బులు తెలుసు. ఎక్కడ మొదలుపెట్టినా గైడ్లను నాలుగు తిట్టి, చివరికి స్పాట్ వాల్యుయేషన్‌లో తేలతానని పోయిన నెల ఒకాయన ఉత్తరమే రాశారు. ఆయన ఈ వారం కూడా ఓపిక పట్టాలి.

తెలంగాణలో పదో తరగతికి రాతపరీక్ష 80, బడిలో వేసే ఇంటర్నల్ మార్కులు 20. 2015 మార్చి పరీక్షల నుంచి ఉన్న పద్ధతే. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్‌లు. వాటిలో తరగతిలో పాల్గొన్న తీరు, నోటుపుస్తకాలు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు చూడాలి. కాగితం మీద ఎంత ముచ్చటైన ఏర్పాటో! రిజిస్టరు తెరిస్తే మాత్రం 20, దాని కింద 20, ఆ కింద మళ్లీ 20, పేజీ చివరిదాకా. ఎవరికైనా 19 కనిపిస్తే ఆ పూట మాస్టారికి కళ్లజోడు లేదనుకోవాలి. తనిఖీ బృందాలు వచ్చేవి. రికార్డు ఉందా లేదా చూసి, టీ తాగి వెళ్లేవి.

కరోనా ఈ గుట్టంతా బయటపెట్టింది. 2021లో పరీక్షలు రద్దై, ఫార్మేటివ్ మార్కులతోనే ఫలితాలిచ్చారు. ఐదు లక్షల పైచిలుకు పిల్లల్లో రెండు లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ! ఆంధ్రప్రదేశ్ 2019లోనే ఈ ఇరవైని తీసేసింది. ఇక్కడ 2024 నవంబరులో తీసేస్తున్నామన్నారు, మరునాడే ఆ ఏడాదికి వద్దులే అన్నారు.

తీసేయాల్సిందే అని రాద్దామనే ఆదివారం కూర్చున్నాను. పిల్లవాడి ముఖం, కులం, ఊరు, తండ్రి హోదా తెలియనివాడు దిద్దితేనే న్యాయం. జవాబుపత్రం మీద పేరుండదు, కోడే ఉంటుంది. అంతకన్నా ఏం కావాలి?

అని రాస్తుంటే ఒకప్పుడు స్పాట్‌లో నేను దిద్దిన ఒక ఉత్తరం గుర్తొచ్చింది.

80–20 వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, కరీంనగర్‌లో స్పాట్. ఏప్రిల్ ఎండ. ఫ్యాను వేస్తే పేపర్లు ఎగురుతాయి, ఆపితే మనం ఉడుకుతాం. మనిషికి రోజుకు 40 పేపర్లు, పొద్దున ఇరవై, మధ్యాహ్నం ఇరవై. సృజనాత్మకత కింద ఒక ప్రశ్న: మీ ఊరి గురించి మిత్రునికి లేఖ రాయండి. ఆ బండిల్లో పిల్లలందరికీ ఒకడే మిత్రుడు, గైడ్లో ఉండే రవి. అందరి ఊళ్లోనూ ఒకటే చెరువు, చుట్టూ అవే పచ్చని పొలాలు. పచ్చని పొలాలు దిద్దీ దిద్దీ నాకు కళ్లు మండుతున్నాయి.

సాయంత్రం నాలుగు దాటాక ఒక పేపరు వచ్చింది. ఆడపిల్ల రాత అనుకున్నాను, తెలిసే వీల్లేదు. మా ఊళ్లో బావి ఎండిపోయింది అని మొదలుపెట్టింది. నాన్న దుబాయి పోయి మూడేళ్లయింది. ఫోను చేస్తే ముందు వాన పడిందా అని అడుగుతాడు. పడకపోయినా పడిందనే అమ్మ చెబుతుంది. నన్ను కూడా అట్లనే చెప్పమంది.

అంతే. ఊరు పేరు లేదు, తేదీ లేదు, ‘ఇట్లు’ లేదు. మాకిచ్చిన సూచనల్లో వాటన్నిటికీ మార్కులున్నాయి. రవి మిత్రులందరికీ నిండా వేసిన నేను ఆ పిల్లకు సగం వేశాను. మనసొప్పక చీఫ్ ఎగ్జామినర్‌కు చూపించాను. ఆయన చదివి, కాసేపు ఊరుకుని, "నమూనా లేదు కద సార్" అన్నారు. తప్పు అనలేను. లక్షల మందికి ఒకే కొలత ఉండాలి కదా. తర్వాతి పేపరు తీశాను. మళ్లీ రవి.

నాకు ఆ పిల్ల ఎవరో తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, ఆమె బడిలో తెలుగు మాస్టారు. నా చేతికి అందనిది ఆయన చేతిలో ఉంది, ఆ ఇరవై. తప్పకుండా ఇరవై వేసే ఉంటాడు. పక్కనే గైడు దింపినవాడికీ ఇరవై వేసి ఉంటాడు. ఇద్దరికీ ఒకటే పడ్డాక ఆమెకు ఇచ్చింది ఏమున్నట్టు?

ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడిది? మా బడిలో నేనూ అదే చేశాను. "పక్క బడోళ్లు ఇరవై వేస్తుంటే మన పిల్లల కడుపు కొడ్తమా?" అని హెడ్మాస్టరు అంటే తలూపాను. ఆయన భయం ఉత్తది కాదు. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి ఫలితం మీదే. నేను నిజాయతీకి పోయి పద్నాలుగు వేస్తే శిక్ష పడేది పిల్లవాడికి. అట్లా ఏళ్ల తరబడి దయతోనే అబద్ధం రాశాను.

అయినా ఈ ఇరవైని తీసేయొద్దనే అంటాను. ముఖం ఎరగనివాడి చేతిలో ఎనభై ఉండనీయండి, ఎరిగినవాడి చేతిలో ఇరవై ఉండాలి. కాకపోతే దాన్ని సీటుకు లెక్కగట్టొద్దు. మార్కుల మెమోలోనే వేరే గడిలో వేయండి. అప్పుడు పన్నెండు వేయాల్సిన చోట పన్నెండు వేయడానికి మాస్టారి చెయ్యి వణకదు.

పక్కింటివాడికి నేను రాసివ్వలేదు. నీకు తెలిసిన పుస్తకం ఏదో ఒకటి ఉంటుంది కదరా అంటే చాలాసేపు నసిగి, తాతకు కళ్లు ఆనవు కాబట్టి రోజూ పంచాంగం చదివి వినిపిస్తానన్నాడు. అదే రాయమన్నాను. రెండు పేజీలు రాశాడు. వాన పడుతుందన్న రోజుల్లో ఎన్ని రోజులు నిజంగా పడిందో తాత గోడ మీద బొగ్గుతో లెక్క పెడతాడట. పదకొండు అక్షరదోషాలు. నేను దిద్దలేదు.

శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర కనిపిస్తే ఎన్ని వచ్చినయిరా అని అడిగాను.

"ఫుల్ మార్కులే తాతా. షాపుల రాయించుకున్నోళ్లకు సుత."