విచర్ 3: ముడి పడేది ఒకచోట, విడేది మరోచోట

ఓడలరేవులో, వైనతేయ మొగ దగ్గర బురదలో నడిచి పెరిగినవాళ్ళకి ‘ద విచర్ 3: వైల్డ్ హంట్’ ఆటలోని వెలెన్ ప్రాంతం వెంటనే దగ్గరవుతుంది. చిత్తడి నేల, వంకర గట్లు, ముసురు పట్టిన ఆకాశం, దూరదూరంగా నాలుగేసి ఇళ్ళ ఊళ్ళు. ఈ ఆటలోని పనితనం చూడాలంటే అక్కడ జరిగే ఒక్క కథని జాగ్రత్తగా విప్పి చూస్తే చాలు.

పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ దీన్ని 2015 మే 19న విడుదల చేసింది. నాయకుడు గెరాల్ట్ ఆండ్జెయ్ సప్కోవ్‌స్కీ రచనల్లోంచి వచ్చినవాడు. డబ్బు పుచ్చుకుని భూతాలని వేటాడడం అతని వృత్తి. ఇప్పుడు పెంపుడు కూతురు సిరిని వెతుకుతున్నాడు.

సిరి జాడ తెలిసిన ఫిలిప్ స్ట్రెంగర్ అనే దొర ఒక షరతు పెడతాడు: కనిపించకుండా పోయిన తన భార్య అన్నాని, కూతురు తమారాని వెతికిపెట్టాలి. గెరాల్ట్ ఇల్లంతా గాలిస్తాడు. ఉండకూడని చోట వేలాడుతున్న పటాన్ని పక్కకి తీస్తే వెనక గోడకి గుంట. ఒలికిపోయిన ద్రాక్షసారా వాసన. దొర చెప్పిన మాటకీ గది చెప్పే మాటకీ పొంతన కుదరదు. తాగి పెళ్ళాన్ని కొట్టే మొగుడని అతను ఒప్పుకోకముందే మనకి తెలిసిపోతుంది. అయితే ఆనవాళ్ళన్నీ ఒక మీట నొక్కగానే ఎర్రగా మెరుస్తాయి. వెతికే కష్టం, అందులోని ఆనందం ఆటగాడికి మిగలవు. ఇంత చక్కగా అమర్చిన గదికి అది అన్యాయమే.

ఆ దంపతులకి కడుపులోనే పోయిన బిడ్డని పేరైనా పెట్టకుండా పూడ్చేస్తే అది పిశాచమైంది. దాన్ని చంపేయొచ్చు. లేదంటే దొర చేతుల్లో పెట్టి మోయించి, పేరు పెట్టించి, ఇంటి గడప దగ్గర పాతించి శాపం తీర్చొచ్చు. రెండోది ఎంచుకుంటే ఆ రాత్రి నడకంతా మనమే నడవాలి. మీదపడే దయ్యాలతో పోరాడుతూనే, బిడ్డ మెలికలు తిరిగినప్పుడల్లా ‘ఆక్సీ’ మంత్రం వేసి ఊరడించాలి. అప్పటిదాకా శత్రువుల మీద వాడిన మంత్రమే ఇక్కడ జోకొట్టడానికి పనికొస్తుంది.

అన్నా చిక్కుకున్న అడవిలో ముగ్గురు మంత్రగత్తెలు, చెట్టు కింద బందీగా ఉన్న ఒక ఆత్మని చంపమంటారు. వదిలితే వాళ్ళ గుప్పిట్లోని అనాథ పిల్లల్ని కాపాడతానంటుంది ఆత్మ. నమ్మి వదిలితే పిల్లలు బతుకుతారు. కానీ ఒక ఊరు నాశనమవుతుంది, అన్నా చనిపోతుంది, దొర ఉరేసుకుంటాడు. చంపితే పిల్లలు దక్కరు. మతి చలించిన అన్నాని దొర వైద్యం కోసం దూరపు కొండలకి తీసుకుపోతాడు. ఎటు వెళ్ళినా చేతులు దులుపుకోవడం కుదరదు.

చెట్టు దగ్గర నిలబడ్డప్పుడు ఇదేదీ తెలియదు. ధవళేశ్వరంలో వదిలిన నీరు శివారు చేలకి ఆలస్యంగా చేరినట్టు, ఫలితం తర్వాతెప్పుడో వేరేచోట బయటపడుతుంది. ఆలోగా ఆట చాలా ముందుకి పోయి ఉంటుంది గనక, పాత సేవ్ తెరిచి దిద్దుకుందామన్నా మనసొప్పదు.

సిరి చివరికి ఏమవుతుందన్నదీ కత్తియుద్ధంలో తేలదు. దిగులుగా ఉన్న పిల్లతో మంచు ముద్దలు విసురుకుని ఆడామా, కూర్చుని తాగామా? పెద్దల ముందుకి ఒంటరిగా పంపామా, వెంట వెళ్ళామా? ఇలాంటి చిన్న ఘడియలు కొన్ని కలిసి ఆమె గతిని నిర్ణయిస్తాయి. మన పెంపకాన్ని తూకం వేస్తున్నట్టు ఆట ఎక్కడా బయటపడదు. నాకు దీనికి మించిన నేర్పు ఇందులో కనిపించలేదు.

నడకా పోరాటమూ ఇంత నునుపుగా లేవు. విడుదలయ్యాక 1.07 ప్యాచ్‌లో మరో నడక పద్ధతి ఇవ్వాల్సొచ్చింది. కష్టపడి సంపాదించిన కత్తినీ స్థాయి చాలదంటూ వాడనివ్వదు.

అసలు లోపం కథ ఎముకలోనే ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడూ గోపడూ యాత్రికులు. మజిలీ చేయడం, కథ చెప్పుకోవడం వాళ్ళ ప్రయాణంలో భాగమే, అందుకే ఏ కథా అడ్డు రాదు. గెరాల్ట్ మాత్రం కూతురి ప్రాణం కోసం పరిగెత్తుతున్న తండ్రి. అతను దారిలో ఆగి పేకాట ఆడినా, గుర్రప్పందెంలో దిగినా ఆ ఆత్రుత అబద్ధమైపోతుంది. 2015 అక్టోబర్‌లో వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’ అనుబంధ కథలో ఈ చిక్కు లేదు. ప్రాణాపాయంలో ఉన్న కూతురు లేదు. గెరాల్ట్ ఒక అప్పు తీర్చుకోవడానికి మూడు కోరికలు నెరవేర్చాలి. కథ నడకా ఆటగాడి తీరికా అందులో సరిగ్గా కలిశాయి.