కథలోని మనుష్యులు, ఇంటిలోని మనుష్యులు

ఇటీవల ప్రకటింపబడుచున్న కథలను చదువునపుడు మాకొక వింత పరిపాటి కనబడుచున్నది. కథ ముగియగానే రచయిత యొక చిన్న వాక్యమును జేర్చి, ఇది యథార్థముగా జరిగినదనియు, పేర్లు మాత్రము మార్చితిననియు పాఠకులకు విన్నవించుకొనును. కథ నమ్మదగినదిగా లేదని యెవరైన ననినచో ఈ వాక్యమునే కేడెముగా నడ్డుపెట్టుకొనును. జరిగినదానిని జరుగలేదనుటకు మనమెవరము? అయినను జరిగినదంతయు కథ కానేరదు. వీథియరుగుమీద ప్రొద్దుపోక చెప్పుకొను మాటలలో సగము నిజముగా జరిగినవే. వానిని కావ్యములని మనము భావింపము. కావున ఈ వాక్యము రచనకు గుణము కాదు. ఒక్కొక్కతఱి నది యొక యపరాధమునకు రచయిత స్వహస్తముతో వ్రాసి యిచ్చిన యొప్పుదల పత్రమగుచున్నది.

జ్ఞాపకములనుండి కల్పన పుట్టుట క్రొత్త సంగతి కాదు. మన యాలంకారికులు దీనిని మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. క్రౌంచపక్షి మరణమును జూచిన వాల్మీకి శోకము శ్లోకమైనదని ఆనందవర్ధనుడు చెప్పగా, అభినవగుప్తుడు దానిని వ్యాఖ్యానించుచు, ఆ శోకము మునియొక్క సొంత శోకమని తలపరాదని హెచ్చరించెను. సొంత దుఃఖములో మునిగినవాడు ఏడ్చునే కాని శ్లోకము చెప్పడు. ఆ దుఃఖము ఫలానివానిదను ముద్రను గోల్పోయి, వినువారందఱి హృదయములలోను సమానముగా నిలువగలిగినప్పుడే రసమగును. దీనినే సాధారణీకరణమనిరి. ఈ మాటను పరీక్షలకొఱకు వల్లించినవారు మనలో పెక్కుమంది కలరు; కథ వ్రాయ గూర్చుండినపుడు జ్ఞప్తికి దెచ్చుకొనువా రరుదు.

బాణభట్టు నుదాహరింతము. ఏడవ శతాబ్దిలో హర్షుని యాస్థానమున నున్న యీ కవి, తన హర్షచరితములోని తొలి యుచ్ఛ్వాసములను స్వీయవృత్తాంతమునకు వినియోగించెను. శోణానదీతీరమున ప్రీతికూట గ్రామము. పసితనముననే తల్లి రాజదేవి మరణము. తల్లియు దండ్రియు దానేయై పెంచిన చిత్రభానుడు సైతము, కుమారునకు సుమారు పదునాలుగేండ్ల ప్రాయమున గతించుట. పిమ్మట ఆ బాలుడు పాములవైద్యునితోడను, జూదరితోడను, పుస్తకములు చదివి వినిపించువానితోడను గూడి దేశములు తిరుగుట—ఇవియన్నియు తనవేయని చెప్పియే చెప్పెను. ఇక కాదంబరిని దెఱచి చూడుడు. (మన పాఠశాలలలో శుకనాసోపదేశము దక్క కాదంబరిలో మఱేమియు లేనట్లు బోధింతుము గాన, ఈ భాగమును మఱచినవా రుందురు.) అందొక చిలుక తన కథను చెప్పుకొనుచున్నది. ప్రసవవేదనచేతనే తల్లి చనిపోయినది. ముసలిదైన తండ్రి, ఎగురు శక్తి లేక, ఇతరుల గూళ్లనుండి జారిపడిన గింజల నేఱి తెచ్చి, పిల్లకు బెట్టి మిగిలినదానిని దాను తినుచుండెను. ఒకనాడు శబరవృద్ధుడొకడు బూరుగుచెట్టెక్కి, చిలుకలను జంపి క్రిందికి విసరుచుండగా, తండ్రి పిల్లను ఱెక్కక్రింద దాచుకొని తాను చచ్చెను. పిల్ల ఎండుటాకుల కుప్పపై బడి బ్రదికెను.

ఈ చిలుక తానేయని బాణుడెక్కడను చెప్పలేదు. మా యభిప్రాయములో, రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివినవారికి సందేహము మిగులదు. స్వీయవృత్తాంతమున త్వరగా దాటిపోయిన మరణములవద్ద, చిలుక నోట జెప్పించునప్పుడు కవి నిలిచిపోయెను. ముసలి తండ్రి ముక్కుతో నేఱిన వరిగింజ సైతము అప్పుడతనికి గనబడినది. అట్లయ్యు చిత్రభానుని బంధువులు కాదంబరిని విని సిగ్గుపడవలసిన హేతువు లేదు. వారి యింటి దుఃఖము చెట్టుతొఱ్ఱలోనికి బోయి, ఎల్లవారి దుఃఖమైనది.

ఇంతవఱకు కవి సొంత దుఃఖమును వాడుకొన్న సంగతి. పరుల ముఖములను వాడుకొన్నప్పు డేమగునో చూచుటకు ఆంగ్ల నవలాకారుడు డికెన్సుకంటె మంచి యుదాహరణము మాకు దోపదు. ఏలయన నతడు రెండు విధములను జేసి చూపెను. 1824లో అతని తండ్రి ఋణబాధచేత లండనులోని మార్షల్సీ చెఱసాలలో నుంపబడెను. పండ్రెండేండ్ల బాలుడు బూటుమసి కార్ఖానాలో డబ్బాలకు కాగితములంటించు కూలికి గుదిరెను. ఈ యవమానమును డికెన్సు తన బిడ్డలకు సైతము చెప్పక, మిత్రుడైన ఫార్‌స్టరునకు మాత్రము వ్రాసియిచ్చెను. అయినను 1849-50 సంవత్సరములలో వెలువడిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డు’లో నదియంతయు వచ్చినది. మసి డబ్బాలు ద్రాక్షసారాయి సీసాలైనవి. తండ్రి తండ్రిగా రాలేదు. బాలుడు బస చేసిన యింటి యజమానుడగు మికాబరుగా వచ్చెను. చేతిలో కాసు లేకున్నను రేపేదో కలిసివచ్చునని యెదురుచూచు నా మనుష్యుని జూచి మనము నవ్వుదుము, జాలిపడుదుము, ప్రేమింతుము. కొడుకు తండ్రిమీది కోపమును జీర్ణించుకొన్నాడని ఆ పాత్రయే చెప్పుచున్నది.

ఆ నవలలోనే మౌచరను మఱుగుజ్జు స్త్రీ కలదు. ఆమెను డికెన్సు మొదట దుష్కార్యములకు దూతికగా నడప దలచెను. అతని యిరుగుపొరుగున నుండిన యొక మఱుగుజ్జు స్త్రీ, నెలనెలకు వెలువడు భాగములలో దన యాకారమును గుర్తించి, దేవుడు తనకిచ్చిన దేహమును జూపి లోకముచేత నవ్వించితివని దుఃఖముతో జాబు వ్రాసెను. డికెన్సు చలించి, కథను మార్చి, మౌచరును సజ్జనురాలిని జేసెను. అతుకు కనబడుచునే యున్నది. కళగా చూచినచో నష్టమే. ఆ నష్టమును మేము సంతోషముతో నంగీకరింతుము.

స్కింపోలు విషయమున నతడట్లు చేయలేదు. 1852-53లో వెలువడిన ‘బ్లీక్ హౌసు’లోని యీ పాత్రకు స్నేహితుడైన లీ హంటు కవియొక్క మాటతీరు, అప్పులయెడల నిర్లక్ష్యము, చిన్నపిల్లవానివంటి యుల్లాసము నిచ్చెను, ఆపైన హంటునందు లేని కాపట్యమునుగూడ జోడించెను. స్కింపోలు లంచము పుచ్చుకొని జ్వరపీడితుడైన దిక్కులేని బాలుని పోలీసువాని కప్పగించును. పోలిక యంత సరిగా మఱెవ్వరును దింపలేదని డికెన్సు ఒక సొంత జాబులో మురిసికొనెను. హంటు 1859లో గతించిన పిమ్మట, ఆ దోషములు మిత్రునివి కావని తన పత్రికలో వ్రాసికొనెను. వినవలసినవాడు లేడు.

ఇందలి కిటుకును మన కథకులు గమనింపవలెను. మనుష్యుని చేష్ట యథార్థముగా చిత్రింపబడినకొలది, దానిప్రక్కన నుంచిన కల్పిత దోషమును లోకము యథార్థమనియే నమ్మును. నిజము అబద్ధమునకు సాక్ష్యమగును. పేరు మార్చుట ఇచ్చట నెందులకును గొఱగాదు.

మా యొద్ద చదివిన యువకుడొకడు, మంచి యుద్దేశము కలవాడే, తన మేనత్తను గూర్చి కథ వ్రాసెను. చిన్నతనముననే భర్తను గోల్పోయి పుట్టినింట నుండిపోయిన స్త్రీకి మరల సంసారము కావలెనని చెప్పుట అతని సంకల్పము. ఆమె సాయంకాలము గడపమీద గూర్చుండి బియ్యములో రాళ్లేఱుచు, ఏఱినవానిని లెక్కపెట్టుకొనును. ఈ యలవాటును అతడు చక్కగా వర్ణించెను. కథకు పట్టు చాలదని తోచి, పొరుగింటి పురుషునకు ఆమె వ్రాసిన జాబు నొకదానిని కల్పించెను. ఊరివారు రాళ్లను బట్టి మనిషిని గుర్తించిరి. మనిషిని గుర్తించి జాబును నమ్మిరి. పేరు మార్చితిని గదా యని అతడనగా, ఆమె “పేరు మార్చావు గాని, ఆ రాళ్లు నావేగదరా నాయనా” అనెనట. గడపమీద గూర్చుండుట మానివేసినది. ఆమె హితముకొఱకు వ్రాసిన కథ ఆమెకున్న యా కొంచెపు స్థలమునుగూడ హరించినది. సంస్కరణోద్దేశముతో వ్రాయువారు ఈ విషయమున ఇతరులకంటె నెక్కువ జాగరూకులై యుండవలెను. ఏలయన వారు వ్రాయునది తిరిగి జవాబు చెప్పలేనివారిని గూర్చి. అధికారిని గుర్తుపట్టునట్లు వ్రాసినచో నతడు దావా వేయగలడు. మేనత్త యేమి చేయగలదు?

అట్లయినచో రచయిత లోకమును జూడక కండ్లు మూసికొని వ్రాయవలెనా యని కొందఱడుగుదురు. లోకమును జూడని కథలు మాకును రుచింపవు. జూచినదానిలో నేది యెక్కడ నుంచవలెనో తెలిసియుండవలెనని మాత్రమే మా మనవి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో నచ్చుపడినది. ఆ ముద్రణపు పీఠికలో ఆయన యొక లెక్కను దెలిపిరి. విజయనగర మహారాజుగారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని చేసిన వివాహములను వ్రాయింపగా 1034 తేలినవి. అందు 99 మంది బాలికలకు అయిదేండ్లు, 44 మందికి నాలుగేండ్లు, 36 మందికి మూడేండ్లు, ఆరుగురికి రెండేండ్లు, ముగ్గురికి ఒక యేడు. జరిగినదను మాటకు దగిన తావు ఆ పీఠిక. నాటకములోనికి ఆ బాలికలలో నేయొక్కతెను ఆయన చేయిపట్టుకొని యీడ్చుకొని రాలేదు. వ్రాసినదానితో దృప్తిపడక, మరల నంతయు తిరుగవ్రాసి 1909లో రెండవ కూర్పును వెలువరించిరి. గిరీశమునకు మూలమెవరని వెదకువారు నేటికిని కలరు. బుచ్చమ్మ యెవరని యెవరును అడుగగా మేము వినలేదు.