ఎవరి సొమ్ము? – రామదాసు కీర్తనలో విచారణ, విశ్వాసం

1. ఉపోద్ఘాతం

విచారణ విశ్వాసాన్ని గట్టిపరుస్తుందా, సడలిస్తుందా అన్న చర్చ వచ్చినప్పుడు తెలుగు విమర్శ సాధారణంగా వేమనను, ఆ తరువాత హేతువాద సాహిత్యాన్ని ఉదాహరిస్తుంది. అక్కడ ప్రశ్న గుడి బయట నుంచి వస్తుంది. గుడి కట్టించినవాడే దైవాన్ని నిలదీసిన సందర్భం భద్రాచల రామదాసుది. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు సొమ్మును అనుమతి లేకుండా ఆలయానికి వెచ్చించి చెరసాల పాలయ్యాడన్నది ప్రసిద్ధ కథనం.

అడవి అంచు గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థులకు ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను పాఠంగా చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని, “ఆ పదివేలు ఎవరు కట్టారు సార్?” అని అడిగింది. ఇది నిందాస్తుతి అని చెప్పి ముందుకు సాగాను. అది జవాబు కాదని తరువాత తెలిసింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి మొదలైనదే.

2. నింద నిజమైనదే

ఈ కీర్తన నిర్మాణం ఒక ఖర్చుల పద్దు. ప్రాకారం, భరతునికి పతకం, శత్రుఘ్నునికి మొలత్రాడు, సీతమ్మకు చింతాకు పతకం – ఇలా వస్తువు పేరు, ఎవరి కోసం, ఎంత అయింది అన్న వరుసలో చరణాలు సాగుతాయి. వరహాలు, మొహరీలు అన్న నాణేల పేర్లు కూడా కవితాలంకారాలు కావు. అవి గోపన్న ప్రతిరోజూ వాడిన కచేరీ మాటలు. తనకు తెలిసిన విచారణ పద్ధతితోనే అతడు దైవాన్ని విచారించాడు. ఆపై, ఈ వైభవానికి ధనమిచ్చింది తండ్రా, మామా అని దశరథ, జనకుల పేర్లెత్తి ఎత్తిపొడిచాడు.

వ్యాఖ్యాతలు దీనిని నిందాస్తుతిగా నిర్ణయించి ఊరుకుంటారు. అలంకారశాస్త్రం చెప్పే వ్యాజస్తుతిలో నింద పైపైది, స్తుతి అసలుది. అటువంటి నిందకు క్షమాపణ అవసరం లేదు. రామదాసు మాత్రం కీర్తన చివర క్షమాపణ చెప్పుకొంటాడు. దెబ్బలకు తాళలేక తిట్టానని ఒప్పుకొంటాడు. తిట్టినవాడే అది తిట్టు అని అంగీకరించాక, కాదు స్తుతే అనడం కవి మాటను కాదనడమే అవుతుంది. పైగా తిట్టిన నోటితోనే తనను ఏలుకొమ్మని వేడుకున్నాడు. నింద నిజమని ఒప్పుకొంటేనే ఆ వేడుకోలు బరువు తెలుస్తుంది.

3. జవాబు రాని ప్రశ్న

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రుడు కూడా సందేహించాడు. ఆపదలో ఉన్న తనకు కనిపించని దైవం అసలు ఉన్నాడా అన్నది అతని సందేహం. కథలోనే హరి దిగివచ్చాడు కనుక అది అక్కడే తీరింది. రామదాసుకు దైవం ఉనికి మీద అనుమానం లేదు, దైవం మౌనం మీదనే ఫిర్యాదు. ఆ ఫిర్యాదుకు కీర్తన లోపల సమాధానం రాదు. సమాధానం రాకపోయినా సంబోధన ఆగదు. చరణం చరణానికీ అదే పేరు పిలుస్తాడు. విచారణ విశ్వాసాన్ని గట్టిపరిచిందని ఇక్కడ అనగలిగితే ఈ అర్థంలోనే అనాలి.

సమాధానాన్ని జనశ్రుతి సమకూర్చింది. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లించి రసీదు తీసుకున్నారన్నది ఆ కథ. దైవం కూడా లెక్క తీర్చి రసీదు పుచ్చుకోవలసి రావడం గమనార్హం. గోపన్న అడిగిన భాషలోనే కథ జవాబిచ్చింది. అయితే ఆ జవాబుతో ప్రశ్న ముగిసిపోయిందనుకోవడం వల్ల కీర్తనను మనం వినడం మానేశాం.

4. పద్దులో లేని పేర్లు

ఎవరి సొమ్ముతో ఇంత వైభవం అన్న ప్రశ్న అడిగినవాడి వైపు కూడా తిరుగుతుంది. వెచ్చించినది శిస్తు అయితే, దానిని కట్టినవారు పరగణా రైతులు. కీర్తనలోని పద్దులో ఖర్చు ఉంది, జమ లేదు. చేయించినవాడుగా ‘నేను’ ఉన్నాడు, ఇచ్చినవారు లేరు. స్థలపురాణం ప్రకారం, పుట్టలోని స్వామిని మొదట గుర్తించి పందిరి వేసి పూజించినది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ. ఆమె పందిరి కూడా ఈ లెక్కలోకి రాదు. దైవాన్ని నిలదీయగలిగిన విచారణ తన అధికారాన్ని నిలదీయలేకపోయింది. ఇది రామదాసు భక్తిలోని లోపంగా కాక, అతని విచారణకు ఉన్న ఎల్లగా గుర్తించాలి. నేటి రాజ్యాంగ భావనలతో పదిహేడవ శతాబ్దపు ఉద్యోగిని దోషిగా నిలబెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయినా చెరసాలలో దెబ్బలు తిన్నవాడి గొంతు వింటున్న మనం, శిస్తు కట్టినవారి మౌనాన్ని కూడా వినవలసి ఉంది.

5. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలినవి రెండు. ఒకటి, రామదాసు విశ్వాసం ప్రశ్న వల్ల చెదరలేదు. ప్రశ్నించడానికి తగినంత దగ్గరితనాన్ని విశ్వాసమే అతనికి ఇచ్చింది. రెండు, ఆ ప్రశ్నను నిందాస్తుతి అన్న పేరుతో మెత్తబరచడం వల్ల భక్తికి కలిగిన మేలు లేదు, విమర్శకు మాత్రం నష్టం కలిగింది. తరగతిలో ఆ విద్యార్థిని అడిగినది అశ్రద్ధతో అడిగిన ప్రశ్న కాదు. గోపన్న ఎక్కడ ఆగాడో అక్కడి నుంచి ఆమె లెక్క అడిగింది. ఈ కీర్తనను మళ్లీ పాఠం చెప్పేటప్పుడు నేను ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.