ఒకే రూపం, వేర్వేరు మార్గాలు: ‘బ్యాంక్’ పదం – నానార్థ విచారణ

ఒకే రూపానికి గల అర్థాలన్నింటినీ ‘నానార్థాలు’ అనే శీర్షిక కింద చేర్చడం మన భాషాబోధనలో పరిపాటి. అవి ఒకే పదానికి గల అర్థాలా, రూపసామ్యం గల భిన్న పదాలా అనే ప్రశ్న అక్కడ అరుదుగా తలెత్తుతుంది. ఈ విచారణ ఆవశ్యకతను ఆంగ్లంలోని ‘బ్యాంక్’ అనే చిన్న పదం స్పష్టం చేస్తుంది.

నది గట్టు, ధనసంస్థ, వరుస అనేవి ఈ రూపానికి ప్రధానార్థాలు. గట్టును తెలిపే పదం స్కాండినేవియన్ మూలం నుండి మధ్యాంగ్లంలోకి వచ్చింది. విమానం పక్కకు ఒరగడాన్ని చెప్పే క్రియ ఈ ‘వాలు’ అనే భావానికి విస్తృతి. ధనసంస్థను తెలిపే పదం ఇటాలియన్ ‘బాంకా’ నుండి ఫ్రెంచి మీదుగా చేరింది. బాంకా అంటే నాణేలు మార్చే వర్తకుని బల్ల. తెడ్ల వరుస వంటి ప్రయోగాలకు ఆధారం పాత ఫ్రెంచిలో బల్లను తెలిపే పదం. ఈ మూడింటికీ ప్రాచీన జర్మానిక్ మూలం ఒక్కటే. ‘బెంచి’ కూడా ఆ కుటుంబంలోనిదే. అయినా ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు వీటిని మూడు ఆరోపాలుగా చూపుతుంది. అంటే, ఆరోప విభజనకు తొలి మూలం ఒక్కటే కొలమానం కాదు. పదం భాషలోకి ప్రవేశించిన మార్గమూ కొలమానమే.

తెలుగు గ్రహించింది ధనసంస్థార్థాన్ని మాత్రమే. బ్లడ్ బ్యాంకు, ఓటు బ్యాంకు ఆ అర్థానికి చెందినవే. నదికి గట్టు, ఒడ్డు మనకు ఉండనే ఉన్నాయి. కనుక అర్థసందిగ్ధతకు ‘బ్యాంక్’ను ఉదాహరించే ఆంగ్ల గ్రంథాల పద్ధతిని తెలుగు అర్థవిచారంలో యథాతథంగా అనుసరించడం సమంజసం కాదు.

మనకు తగిన ఉదాహరణ ‘పాలు’. క్షీరం, భాగం అని దీనికి నానార్థాలు చెబుతారు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెండింటినీ వేర్వేరు పద్దుల్లో చూపుతుంది. వ్యాకరణమూ ఇదే చెబుతుంది: క్షీరార్థంలో ‘పాలు’ నిత్యబహువచనం, ‘పాలు విరిగాయి’ అంటాం. భాగార్థంలో అది ఏకవచనం. ‘ఒక పాలు, రెండు పాళ్ళు’ అంటాం. ఇవి రెండు పదాలు. కొబ్బరికాయ ‘కన్ను’ మాత్రం మనిషి కంటికి పోలికతో ఏర్పడిన అర్థవిస్తృతి. అక్కడ పదం ఒక్కటే.

ఈ రెండు స్థితులనూ ఒకే శీర్షిక కింద చేర్చినప్పుడు ఉపమ వల్ల పెరిగిన అర్థానికీ, ధ్వనిసామ్యం వల్ల కలిసిన పదానికీ భేదం చెరిగిపోతుంది. వ్యుత్పత్తి, వ్యాకరణ ప్రవర్తన, వ్యవహర్తల స్పృహ అనే మూడు ప్రమాణాలతో నానార్థ పట్టికలను పునఃపరిశీలించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.