దూరమునుండి చూచు బొమ్మ: గుణదోష విచారణ

2009 అక్టోబరు మొదటి వారమున కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురము నీట మునిగినది. అట్టి వరద ఏ గంటలో ఏ వీధికి చేరునో గణితము ద్వారా తెలిసికొనవలెనన్న, నడిగడ్డను చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడిలోను నీటి లోతును, వేగమును లెక్కకట్టవలెను. ఇది ఒక్క కంప్యూటరుతో తెమలు పని కాదు. పెక్కు కంప్యూటర్లను జతపరచి, పెక్కుమంది పంచుకొని వాడుకొను క్లస్టరు కావలెను. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ క్రింద హైదరాబాదు ఐ.ఐ.టి.లో నెలకొల్పిన 'పరమ్ సేవ' అట్టిదే. లెక్క ముగిసిన పిమ్మట, గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో ఉన్నవారు ఫలితమును చూచుట ఎట్లు? ఇందుకు నేడు వాడుకలోనున్న పద్ధతి దూరదృశ్యీకరణము. దాని గుణదోషములను విచారింతము.

ముందుగా అవసరమెంతయో చూతము. ప్రదేశము 100 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు, గడి భుజము 5 మీటర్లు అనుకొందము. గళ్లు 20 కోట్లగును. గడికి లోతు ఒకటి, వేగమునకు రెండు, మొత్తము మూడు అంకెలు. అంకెకు 4 బైట్లు. గంటకొకసారి వ్రాసిపెట్టిన ఒక్కొక్క ఫలితము 240 కోట్ల బైట్లు. పది దినములకు 57,600 కోట్ల బైట్లు. సెకనుకు 10 కోట్ల బిట్లు మోయు తంతిమీద దీనిని తెప్పించుకొనుటకు సుమారు 13 గంటలు పట్టును. వచ్చిన తరువాత దానిని భరించి బొమ్మ గీయుట పాఠశాలలోని సామాన్య కంప్యూటరు వలన కాదు.

ఇచ్చటనే ఈ పద్ధతి యొక్క గొప్పతనము కనబడుచున్నది. తెరపై 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలుగా సుమారు 20.7 లక్షల చుక్కలుండును. చుక్కకు 3 బైట్ల చొప్పున ఒక బొమ్మకు 62 లక్షల బైట్లు చాలును. వెనుకనున్న దత్తాంశము ఎంత పెరిగినను బొమ్మ పెరుగదు. కావున దత్తాంశమును కదల్పక, దానియొద్దనే బొమ్మ గీసి, బొమ్మను మాత్రమే పంపుట తెలివైన పని. గీయునది జి.పి.యు. వేలకొలది చిన్న లెక్కలను ఒకేసారి చేయగల భాగమిది.

ఈ ఏర్పాటులో మూడు సాధనములు పేరెన్నికగన్నవి. 'పారావ్యూ' అంకెలను ఆకృతులుగా మార్చును. 'వర్చువల్ జి.ఎల్.' చిత్రించు ఆజ్ఞలను నడుమ పట్టుకొని క్లస్టరులోని జి.పి.యు.కు అప్పగించి, తయారైన బొమ్మను తిరిగి తీసికొనును. 'టర్బో వి.ఎన్.సి.' ఆ బొమ్మను కుదించి మన తెరకు చేర్చును. మూడును ఉచితముగా లభించుచున్నవి. ఇంతవరకు ప్రశంసయే.

ఇక దోషములు. మొదటిది, కుదింపు. సెకనుకు 25 బొమ్మలను ఉన్నవున్నట్లు పంపినచో 124 కోట్ల బిట్లగును; మన తంతి మోయలేదు. ఇరువదవ వంతుకు కుదించినచో 6.2 కోట్లగును, సాగును. కాని కుదింపులో సన్నని గీతలు, రంగుల అంచులు చెదరును. వరద పటమున ముఖ్యమైనది ఆ అంచే గదా! ఒక వీధి మునుగునా, మునుగదా అను తీర్పు ఒకటిరెండు చుక్కలపై ఆధారపడియుండవచ్చును. పైగా బొమ్మను త్రిప్పుచున్నంతసేపు పారావ్యూ వేగముకొరకు ముతక బొమ్మనే చూపవచ్చును. కావున కదలుచున్న బొమ్మను చూచి నిర్ణయము చేయరాదు. బొమ్మ నిలిచిన తరువాత, నష్టములేని ప్రతిని తెప్పించుకొని చూడవలెను. టర్బో వి.ఎన్.సి.లో ఇందుకు సౌకర్యము కలదు. వాడువారు దానిని మరువరాదు.

రెండవది, ఆలస్యము. దీనికి దూరమే కారణమని పలువురు తలంతురు. గాజుతంతిలో కాంతి సెకనుకు రమారమి రెండు లక్షల కిలోమీటర్లు పోవును. 200 కిలోమీటర్ల తంతిపై పోయివచ్చుటకు పట్టు కాలము సెకనులో అయిదువందలవ వంతు మాత్రమే. అసలు జాప్యము బొమ్మను కుదించుట, విప్పుట, నడుమ కూడళ్లలో వరుసకట్టుట వలన కలుగుచున్నది. లోపము దూరమునందు గాక ఏర్పాటునందున్నదనిన, అది దిద్దుకొనదగినదని అర్థము.

మూడవది, పంపకము. క్లస్టరులో పనులు వరుసక్రమమున జరుగును. అప్పగించిన లెక్క అర్ధరాత్రి జరిగినను నష్టములేదు. బొమ్మ చూచువాడు మాత్రము ఎదుటనే ఉండవలెను. ఒకడు జి.పి.యు.ను పట్టుకొని టీ త్రాగుటకు పోయినచో, అది ఊరకుండగా మరియొకడు వేచియుండును. కాలువ పైనున్నవాడు తూము మూయక పోయినచో చివరి మడి ఎండినట్లే ఇదియును. చూచుటకు కొన్ని జి.పి.యు.లను వేరుగా ఉంచి, కాలపరిమితి పెట్టి, పని లేని సమావేశమును మూసివేయు నియమము లేనిదే ఈ ఏర్పాటు న్యాయముగా నడువదు.

నాలుగవది అన్నిటికన్న పెద్దది. చూచుటకు ముందు ఖాతా కావలెను. ఖాతా సామాన్యముగా పరిశోధకునకే దొరకును. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రము 2009 ఆగస్టులో తెరిచిన 'భువన్'ను ఏ విద్యార్థియైనను చూడవచ్చును. కాని అందు కనబడునవి సిద్ధముచేసిన పటములు. ఇంత వాన కురిసిన ఏమగును, గట్టు ఎత్తు పెంచిన ఏమగును అని తానే ప్రశ్నించి ఫలితమును త్రిప్పి చూచుటకు దూరదృశ్యీకరణమే తగినది.

ఈ పద్ధతి మంచిదే. దత్తాంశము ఒకచోట, కన్ను మరియొకచోట ఉండుటకు అది వీలు కల్పించినది. కాని ఆ కన్ను ఎవరిదను ప్రశ్నకు సాధనములు సమాధానము చెప్పవు. వానిని నడుపువారు చెప్పవలెను. వారమునకొక గంట ఒక జి.పి.యు.ను పాఠశాలలకు విడిచిపెట్టినను, జూరాల దిగువన పెరిగిన పిల్లలు తమ నది లెక్కను తామే చూడగలుగుదురు. చూచినవారే తప్పును పట్టగలరు.